గుండన్న ఊఁ కొట్టలేదు

అనగనగా ఒక ఊళ్ళో అంటారు గానీ ఇందూ, ఈ ఊరికి నేలే లేదు. ఆకాశంలో ఉన్న చుక్కల ఊరది. అందులో గుండన్న, చుక్కమ్మ అని అన్నాచెల్లెళ్ళుండేవాళ్ళు. ఒప్పులకుప్ప ఆడుతున్నట్టు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ ఉండేవాళ్ళు.

వాళ్ళకొక అలవాటు. చెల్లెలు కబురు చెబితే అన్న ఊఁ కొట్టాలి. చుక్కలకు నోరెక్కడిది? కాస్త వెలుగు పంపడమే వాళ్ళ మాట.

గుండన్నది భారీ ఒళ్ళు. కడుపులో పొయ్యి మండుతున్నంతసేపే ఆ ఒళ్ళు నిలబడేది. ఆ పిచ్చి మారాజు అందరికంటే ఎక్కువ మెరవాలని ఉన్న కట్టెలన్నీ ఎగదోశాడు. పొయ్యి ఆరిపోయింది. అప్పుడు తన బరువు తన మీదే పడి, లోపలికి లోపలికి కుంగిపోయాడు. ఉసిరికాయంత అయిపోయాడు, బరువు మాత్రం తగ్గలేదు. చుట్టూ కటిక చీకటి.

"అన్నయ్యా, ఉన్నావా?" అంది చుక్కమ్మ. ఆ పిలుపు లోపలికి వెళ్ళింది. గుండన్నకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ఊఁ కొడదామని చిటికెడు ధూళి విసిరాడు. అది వెనక్కి వచ్చి పడింది. ఆ తర్వాత పొయ్యిలో మిగిలిన నిప్పురవ్వ విసిరాడు. అదీ పడింది. ఆ తర్వాత వెలుగునే పంపాడు. వెలుగు కంటే వేగంగా పరిగెత్తేది ఈ లోకంలో ఏదీ లేదే తల్లీ! అదీ బయటపడలేదు.

ఎందుకంటావా? ఆ బరువుకి అక్కడ దారులే వంగిపోయాయి. కుడికి నడిచినా, ఎడమకి నడిచినా, వెనక్కి తిరిగినా లోపలికే పోతాం. బయటికి దారి ఎవరూ మూసెయ్యలేదు, అసలు లేనే లేదు. పాపం, వెలుగు మాత్రం ఎటు పోతుంది?

చుక్కమ్మ, అన్న అలిగాడనుకుంది. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఇక్కడే ఏడుపొస్తుంది ఇందూ. "పలక్కపోతే నేనూ పోతాను" అని దూరంగా జరగబోయింది. జరగలేకపోయింది. అన్న బరువు ఎప్పటిలాగే ఆమెను తన చుట్టూ తిప్పుకుంటోంది.

"ఇక్కడే ఉన్నావన్నమాట!" అంది.

ఆ తర్వాత ఆమె రోజూ కబుర్లు చెబుతూనే ఉంది. అతను వింటూనే ఉన్నాడు. అన్నీ వినడం, ఒక్క ఊఁ కూడా అనలేకపోవడం. అంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దమ్మా.

కథేమో కంచి దారి పట్టింది,
మా ఇందు కంటికి నిద్ర పట్టింది.