ఓబులమ్మ మైల

అనగనగా ఒక ఊరు. ఊరి పక్కన ఒక ఏరు. ఆ ఏటికి పేరుంది, గట్టుంది, గట్టున రేవు కూడా ఉంది. నీళ్లు మాత్రం లేవు.

నీళ్లు గొట్టాల్లో నడిచి రావడం ఇంకా నేర్చుకోని కాలం అది. ఆ రోజుల్లో నీళ్లు దూరపు బావుల నుంచి ఆడవాళ్ల నెత్తినెక్కి, చంకనెక్కి, ఊరేగుతూ ఇంటికొచ్చేవి. ఊరంటే పల్లె అనుకునేరు. కాదు, పట్నమే. అంగళ్లున్న పట్నం, సత్రాలున్న పట్నం. అందులో గోడకు గోడ అంటుకున్న ఒక సన్నటి వీధి ఉండేది. ఒక ఇంట్లో తాలింపు పెడితే మూడిళ్లలో తుమ్ములు వినపడేవి.

ఆ వీధిలో ప్రతి ఇంటి నడవలోనూ కుదురు మీద ఒక పెద్ద బాన ఉండేది. ఒక మనిషి దాక్కోగలిగినంత మట్టి బాన. దానికొక కట్టుబాటు ఉండేది. బాన సగానికి దిగకముందే మళ్లీ నింపాలి. అడుగు మాత్రం ఎవరి కంటా పడకూడదు. “బాన అడుగు చూస్తే కరువు కళ్లు తెరుస్తుంది” అనేవాళ్లు పెద్దలు. కొత్త కోడలు ఇంట్లో కాలు పెట్టగానే చేసే మొదటి పని, అత్త బానలో ఒక చెంబు నీళ్లు పోయడం. ఆ అత్త కూడా ఒకనాడు తన అత్త బానలో అలాగే పోసింది. ఎప్పుడూ ఖాళీ చెయ్యరు కనుక, పోయినవాళ్లు పోసిన నీళ్లు కూడా అందులోనే ఉన్నట్టు లెక్క. దాహమేసి గుక్కెడు తాగితే ముత్తవ్వ చేతి నీళ్లు తాగినట్టే. ఎంత బాగుందో చూడండి ఆ మాట! అందుకే అంతకాలం నిలిచింది.

ఆ నీళ్లలో సన్నటి పురుగులు గంతులేస్తుండేవి. వాటినీ ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. “గంగమ్మ పిల్లలు” అని ముద్దుగా పిలుచుకునేవాళ్లు. పురుగున్న నీళ్లు బతికున్న నీళ్లని నమ్మేవాళ్లు. గుడ్డలో వడగట్టుకుని తాగి, గుడ్డకు చిక్కిన గంగమ్మ పిల్లల్ని జాగ్రత్తగా మళ్లీ బానలోనే వదిలేవాళ్లు.

ఆ వీధి చివరింట్లో ఉండేది ఓబులమ్మ. బొంతలు కుట్టేది. పాత చీరలు తెచ్చిస్తే పొర మీద పొర వేసి, అంచులు కలిపి, వెచ్చటి బొంత చేసి ఇచ్చేది. ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ఓబులమ్మ బొంతలోనే నిద్ర నేర్చుకుంది. ఆమెకున్నది ఒక్కతే కూతురు, సుంకులు. కాన్పుకొచ్చి పుట్టింట్లోనే, కడుపులో బిడ్డతో సహా కన్నుమూసింది. నొప్పులొచ్చే ముందురోజు కూడా, వద్దంటే వినకుండా, ఒక బిందె మోసుకొచ్చి బానలో పోసింది. అప్పటి నుంచి ఓబులమ్మ ఆ బాన పక్కనే కూర్చుని బొంతలు కుట్టేది. సూది ఆపినప్పుడల్లా బాన మీద చెయ్యేసి, “ఏం సుంకులూ” అనేది. బాన చల్లగా ఉండేది. అంతే ఆమెకు ఊరట.

ఇలా ఉండగా ఒక ఏడు ఆ వీధికి జరం వచ్చింది. అట్లాంటిట్లాంటి జరం కాదు. ఎముకల్లో రోకళ్లు దంచినట్టు నొప్పులు. కళ్ల వెనక మంట. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు.

వీధివాళ్లు మురుక్కాలువ దోమల వల్లేననుకున్నారు. పారలు పట్టి కాలువంతా తోడేశారు. జరం నవ్వింది. పక్కింటికి పోయింది.

పొగ వేస్తే పోతుందనుకున్నారు. పొద్దుగూకే వేళ ఇంటింటా వేపాకు పొగ పెట్టారు. మనుషులు దగ్గారు. జరం నవ్వింది. పక్కింటికి పోయింది.

అమ్మవారికి కోపమొచ్చిందనుకున్నారు. పొంగలి పెట్టి, పసుపు నీళ్లు చల్లి, చేతులు జోడించారు. పొంగలి బాగా కుదిరింది, అందరూ తిన్నారు. జరం నవ్వింది. పక్కింటికి పోయింది.

ఓబులమ్మకూ వచ్చింది. పడింది, లేచింది. పక్కింటి మద్దమ్మ మనవరాలు తిమ్మక్కకూ వచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్ల, మద్దమ్మకు ఆ పిల్లే లోకం. బిడ్డ పోయినంత పనయింది, ఎలాగో బతికింది. కానీ వీధిలో అందరికీ ఒక సంగతి అప్పటికే అర్థమైపోయింది. ఆ జరం ఒకసారి వస్తే మంచాన పడేస్తుంది. రెండోసారి వస్తే కొంతమందిని మంచంతో సహా ఎత్తుకుపోతుంది. అలా మూడిళ్లలో జరిగింది.

“ఒదినా, ఇంగొకసారి వస్తే నా బిడ్డ తట్టుకోదు” అంది మద్దమ్మ, ఓబులమ్మ చెయ్యి పట్టుకుని.

“రానీకూడదు ఒదినా. ఎట్టన్నా సరే రానీకూడదు” అంది ఓబులమ్మ. అని ఊరుకోలేదు. ఆ మాట ఆమెను పట్టుకుని కూర్చుంది.

ఒకనాడు ఓబులమ్మ తాగడానికని బానలోంచి చెంబుతో నీళ్లు ముంచింది. అంతలో పక్కింట్లో తిమ్మక్క ఏడుపు వినిపించింది. చెంబును గూట్లో పెట్టి, మీద బొంతగుడ్డ ముక్క కప్పి, పరుగెత్తింది. పిల్లను చూసుకునే హడావుడిలో చెంబు సంగతి మరిచిపోయింది. చాలా రోజులకు గుర్తొచ్చి గుడ్డ తీసింది. చెంబులోంచి ఒక దోమ లేచింది. కాళ్లకు తెల్ల కడియాలు తొడుక్కున్న నల్ల దోమ. వెనకే ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. నీళ్లలో గంగమ్మ పిల్లలు లేరు. వాళ్లు విప్పి పారేసిన పొట్టు మాత్రం తేలుతోంది.

పట్టపగలు బాన పక్కన బొంత కుడుతుంటే తన చీలమండల మీద కుట్టే దోమ అదే. కాలువ దోమ పొద్దుగూకాక వస్తుంది. ఇది పగటి దొంగ. ఇది కాలువలోంచి రాలేదు. సుంకులు పోసిన నీళ్లలోంచి వచ్చింది.

ఓబులమ్మ చటుక్కున లేచింది. చెంబు పట్టుకుని మద్దమ్మ దగ్గరికి పోయింది.

“ఒదినా, గంగమ్మ పిల్లలకు రెక్కలొచ్చినాయి.”

“ఏం మాట్లాడతాండావు?”

“బానలు ఒంపాల ఒదినా. వీధిలో అన్ని బానలూ ఒంపాల. దోమలు ఈడ పుడతాండాయి. కాలువలో కాదు.”

మద్దమ్మ మొహం ఎర్రబడింది. “మా అత్త పోసిన నీళ్లు, వాళ్లత్త పోసిన నీళ్లు, ఒంపమంటావా? కరువొస్తే నువ్వు తెచ్చి పోస్తావా? ఒంపేది ఒకరోజు, మోసేది ఏడాదంతా. మాటలు జెప్పేదానికేం గానీ, ముందు నీ బాన ఒంపు సూద్దాం. నీ సుంకులు నీళ్లు ఒంపు సూద్దాం!”

ఓబులమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి బాన మీద చెయ్యేసింది. బాన ఎప్పటిలాగే చల్లగా ఉంది. కూర్చుని ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురు రెండోసారి పోతున్నట్టే ఉంది ఆమెకు. గోడ అవతల తిమ్మక్క దగ్గుతోంది.

తెల్లారింది. ఓబులమ్మ కొంగు బిగించింది. చెంబుతో నీళ్లు తోడింది. కాలువలో మాత్రం పోయలేదు. తన గడప ముందు కళ్లాపి చల్లింది. తరవాత పక్కింటి గడప ముందు. ఆ తరవాత ఆ పక్కింటి గడప ముందు. వీధి మొదటిదాకా చల్లుకుంటూ పోయింది.

“ఏమే ఓబులమ్మా, కరువును పిలుస్తాండావా?” అని అరిచారు.

“నా బిడ్డ నీళ్లు ఇవి. ఇన్నాళ్లూ చీకట్లో కూసోబెట్టినాను. ఈ పొద్దు వీధి సూడనీ” అంది ఓబులమ్మ.

బాన అడుగు కనిపించింది. ఏముందక్కడ? నాచు, నలుసులు. కరువు ఎక్కడా కనిపించలేదు. మళ్లీ కొత్త నీళ్లు తెచ్చి నింపింది. అయితే పాపం ఒక తప్పు చేసింది. బానను రుద్దలేదు. నాలుగు రోజులకే గంగమ్మ పిల్లలు మళ్లీ గంతులేశారు.

వీధంతా నవ్వింది. “సుంకులును తోలేసినావు, దోమల్ని మాత్రం ఉంచుకున్నావు” అని కూడా అన్నారు. నోరుంటే ఊళ్లేలొచ్చునంటారు, ఆ వీధి నోళ్లకు మూడు ఊళ్లు చాలవు. ఓబులమ్మ కొంగు దోపింది. మళ్లీ ఒంపింది. లోపల చెయ్యి పెట్టి తడిమితే బాన గోడకు నల్లటి గింజల్లా దోమ గుడ్లు గరుగ్గా తగిలాయి. ఇటుకపొడి, పీచు పెట్టి చేతులు మండేదాకా రుద్దింది. బానను వీధిలో బోర్లించి ఎండబెట్టింది. నింపాక మూతికి సుంకులు పాత చీర ముక్కతో వాసెన కట్టింది. ఇక ఆ బానలో ఏదీ గంతులెయ్యలేదు.

ఒంపు, రుద్దు, ఎండబెట్టు. ప్రతి మంగళవారం అదే పని. ఒంపు, రుద్దు, ఎండబెట్టు. చెప్పింది ఒకటే మాట. వినేవాళ్లే లేరు.

ఒక్క ఇంట్లో బాన ఒంపితే దోమకొచ్చిన నష్టమేముంది? పక్కింట్లో పుడుతుంది. వానలు మొహం చూపించి పోయాక జరం మళ్లీ వీధిలో అడుగుపెట్టింది. అప్పుడు ఓబులమ్మ కుట్టుపని మానేసింది. పొద్దున్నే మద్దమ్మ ఇంటికి పోయి, తిమ్మక్క మీద పల్చటి చీర కప్పి, పక్కన కూర్చుని విసనకర్ర విసిరేది. పొద్దున్నుంచి దీపం పెట్టేదాకా విసిరేది.

“అవ్వా, నీ చెయ్యి నొయ్యదా?” అనేది తిమ్మక్క.

“సూది పట్టిన చెయ్యి పాపా. దీనికి నొప్పి తెల్దు.”

పిల్ల మీద దోమ వాలలేదు. అవ్వ మీద వాలింది. విసిరే చెయ్యి పిల్లను కాస్తోంది గానీ, అవ్వ కాళ్లను ఎవరు కాస్తారు? ఆమెకు జరం రెండోసారి వచ్చింది. మూడు రోజులు కాల్చింది. ఆఖరి మాటగా మద్దమ్మతో, “ఒదినా, మంగళారం గదా, నా బాన బోర్లించు” అంది. మద్దమ్మ ఆ ఒక్క పనీ చేసింది. బాన ఎండలో ఆరుతుండగా ఓబులమ్మ వెళ్లిపోయింది.

ఇప్పుడు వినండి, అసలు సంగతి.

చనిపోయిన మనిషికి స్నానం చేయించాలి గదా. ఓబులమ్మ ఇంట్లో చుక్క నీళ్లు లేవు. బాన బోర్లించి ఉంది. బంధువులా, లేరు. వీధి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు తిమ్మక్క లేచింది. పాత జరం నీరసం ఇంకా తీరని పిల్ల, తమ బానలోంచి చిన్న చెంబుతో నీళ్లు తెచ్చి అవ్వ పాదాల మీద పోసింది.

మద్దమ్మ ఘొల్లుమంది. లోపలికి పోయింది. బిందె ముంచింది, తెచ్చి పోసింది. మళ్లీ ముంచింది, మళ్లీ పోసింది. ఆమెను చూసి రెండో ఇంటామె కదిలింది. ఆమెను చూసి మూడో ఇంటామె. ఆ వీధిలో ఓబులమ్మ బొంతలో నిద్రపోనివాళ్లు ఎవరున్నారు? తలా ఒక బిందె అనుకున్నది తలా ఒక బాన అయింది. అత్తల నీళ్లు, ముత్తవ్వల నీళ్లు అన్నీ ఓబులమ్మ మీంచి వీధిలోకి పారాయి. చివరి చెంబు ముంచేటప్పుడు చెంబు ఠంగుమని అడుగుకు తగిలింది. ప్రతి ఇంట్లోనూ తగిలింది. మద్దమ్మ వంగి చూసింది. నలుసుల్లో, బురదలో, గంగమ్మ పిల్లలు కుప్పగా కొట్టుకుంటున్నారు.

“అయ్యో ఒదినా,” అంది మద్దమ్మ, “నువ్వు జెప్పింది ఇదేనా!”

స్నానం పోసినవాళ్లంతా ఆమె బిడ్డలే, బిడ్డలకు మైల తప్పదని వీధి తీర్మానించుకుంది. మైల పడితే కుండలు కడగాలి. బానలన్నీ రుద్దారు. బానలన్నీ వీధిలో బోర్లించారు. ఆ రోజు వాన పడిందా అని అడుగుతారేమో, పడలేదు. కరువొచ్చిందా, అదీ రాలేదు. ఎప్పుడూ కాసే ఎండే కాసింది.

కడియాల దోమ గుడ్లు పెట్టడానికి మొదటి ఇంటికి వెళ్లింది. బాన బోర్లించి ఉంది. రెండో ఇంటికి వెళ్లింది. బోర్లించి ఉంది. మూడో ఇంటికి వెళ్లింది. బాన నిండుగానే ఉంది గానీ మూతికి ఆ ఇంటి అవ్వ పాత చీరతో వాసెన కట్టి ఉంది. కొన్ని మంగళవారాలు గడిచేసరికి జరం నవ్వు మానేసింది. పక్కిల్లు లేక, వీధి వదిలి పోయింది.

ఇప్పుడా వీధిలో బానలు తక్కువ. నీలం డ్రమ్ములు, సంపులు, కూలర్లు, పూలకుండీల కింద పళ్లేలు ఉన్నాయి. అయినా మంగళవారం వస్తే ఇంటింటా అదే పని. ఒంపు, రుద్దు, ఎండబెట్టు. పాత నీళ్లను కాలువలో పోయరు. తమ ఇంట్లో పోయినవాళ్ల పేరు చెప్పుకుంటూ గడప ముందు కళ్లాపి చల్లుతారు. కొత్త కోడలు వస్తే అత్తా కోడలూ కలిసి డ్రమ్ము అడుగు చూస్తారు. ఆ తరవాతే కోడలు చెంబు నీళ్లు పోస్తుంది.

ఆ రోజు ఎవరైనా కొత్తవాళ్లు వీధిలోకొచ్చి, ఇన్ని పాత్రలు బోర్లించి ఉండటం చూసి, “ఎవరు పోయారండీ?” అని అడుగుతారు.

“మా ఓబులమ్మ.”

“అయ్యో! ఎప్పుడు?”

“ఎప్పుడో. మా అవ్వలకు అవ్వలప్పుడు.”

అడిగినవాళ్లు తెల్లమొహం వేస్తారు. తిమ్మక్క నిండు నూరేళ్లూ బతికి, మనవరాళ్లకు బొంతలు కుట్టి, మునిమనవళ్లను ఎత్తుకుని మరీ పోయిందట. ఆమెనూ ఒకరు అడిగారట, “అంతకాలం కిందట పోయిన మనిషికి ఇంకా మైలేంది జేజీ? ఎప్పుడు తీరుతుంది?” అని. తిమ్మక్క చేతిలోని విసనకర్ర ఆపకుండానే చెప్పిందట.

“తీరిందనుకున్న రోజు జరం వస్తాది నాయనా. తీరనీయొద్దండి.”

వాళ్లింకా తీరనీయలేదు.