ఏనుగు గీరుకున్న వ్యాను

మస్తాన్ వలి మాస్టారు పాతికేళ్ళుగా కావలిలో డ్రైవింగు నేర్పుతున్నారు. క్లచ్చి గురించో గేరు గురించో అడిగితే వెంటనే చెబుతారు. ఇంకే సంగతి అడిగినా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెడతారు. తుడవడం అయ్యేసరికి ఎవరిదో ఒకరి కథ తయారుగా ఉంటుంది.

సుభాషిణి ఆయన దగ్గర నేర్చుకుని హెవీ లైసెన్సు తెచ్చుకున్న మనిషి. మూడేళ్ళు పాల వ్యాను నడిపింది. బస్సు ఉద్యోగానికని రెండు చోట్లకు వెళితే, ఆడమనిషని చూసి గుమ్మంలోంచే పంపేశారు. మూడోచోట ఒక నర్సింగు కాలేజీవాళ్ళు దరఖాస్తు చేతికిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఒక ఉదయం మాస్టారి దగ్గరికి వచ్చింది. మాస్టారి దగ్గర పనిచేసే నేనూ అక్కడే కూర్చుని లైసెన్సు కాగితాలు సర్దుతున్నాను.

“మాస్టారూ, ఇందులో ‘ఇంతకుముందు జరిగిన ప్రమాదాలు’ అని ఒక గడి ఉంది. నిరుడు రైలుగేటు దగ్గర నా ముందున్న ట్రాక్టరు వెనక్కి జారి నా వ్యానును గుద్దింది. నేను ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసుకుని కూర్చుని ఉన్నాను. తప్పు తనదేనని ఆ ట్రాక్టరతనే పోలీసుల ముందు సంతకం పెట్టాడు. నా తప్పు లేనిదాన్ని కూడా రాయాలా? ప్రమాదం అన్నమాట కనబడితే ఆ కింద ఏముందో ఎవరూ చదవరు, ‘లేవు’ అని రాసెయ్ అంటున్నాడు మా ఆయన.”

మాస్టారు కళ్ళజోడు తీశారు.

ఆయన చెప్పింది పెంచలయ్య అనే డ్రైవరు సంగతి. పెంచలయ్య ఒక ఐసు ఫ్యాక్టరీ వ్యాను నడిపేవాడు. ఒక మధ్యాహ్నం వ్యాను రోడ్డు పక్కన ఆపి, అవతల కొట్లో టీ తాగుతున్నాడు. తిరునాళ్ళకు వెళ్తున్న గుడి ఏనుగు అటుగా వచ్చింది. దానికి ఒళ్ళు దురద పుట్టింది. ఆ చుట్టుపక్కల చెట్టన్నది లేదు, వ్యాను ఉంది. ఏనుగు తీరిగ్గా వ్యానుకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. మావటి అదిలించాడు, బతిమాలాడు, అరటిపండ్లు చూపించాడు. అది పండ్లు తిని రెండో వైపు కూడా గీరుకుంది. దాని దురద తీరేసరికి ఒక తలుపు లోపలికి పోయింది, ఒక అద్దం ఊడి రోడ్డు మీద పడింది, వ్యాను మొత్తంగా కాస్త సన్నబడింది. పోలీసులు వచ్చి ‘వాహనము నిలిచియున్నది, ఏనుగు నడిచివచ్చినది’ అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. పెంచలయ్య ఆ కాగితానికి లామినేషన్ చేయించి జేబులోనే పెట్టుకుని తిరిగేవాడు.

రెండేళ్ళకు ఐసు ఫ్యాక్టరీ మూతపడింది. పెంచలయ్య ఒక బడి బస్సుకు డ్రైవరుగా దరఖాస్తు పెట్టాడు. అందులోనూ ఈ గడే ఉంది. ఏనుగని రాస్తే నవ్వుతారు, నవ్వినవాళ్ళు ఉద్యోగం ఇవ్వరు అనుకుని ‘లేవు’ అని రాశాడు. ఆ బడి నడిపే ఇందుమతి గారు అతనిచేత బస్సు ఊరంతా తిప్పించి చూశారు. నచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు. అతన్ని వరండాలో కూర్చోబెట్టి, ఒక మాట అడగడం పద్ధతి కదా అని పాత యజమానికి ఫోను చేశారు. ఆయన ధర్మాత్ముడు. పెంచలయ్యకు మేలు చెయ్యాలని నోరారా పొగిడాడు.

“బంగారంలాంటి డ్రైవరండీ. ఆ ఏనుగు విషయంలో కూడా అతని తప్పు రవ్వంత లేదు.”

ఇందుమతి గారు ఫోను పెట్టేసి పెంచలయ్యను లోపలికి పిలిచారు.

“పెంచలయ్య గారూ, ఏనుగు గురించి నాకేమన్నా చెప్పాలా?”

“ఏ ఏనుగండీ?” అన్నాడు పెంచలయ్య.

ఎందుకలా అన్నాడో తర్వాత అతనికే అర్థం కాలేదు. లేదని ఒకసారి రాశాక ఆ ఏనుగును ఎలా ఒప్పుకోవాలో తెలియలేదు. పాత యజమాని చెప్పింది ఆవిడ మాట పొల్లుపోకుండా వినిపించాక, జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివారు. నవ్వు ఆపుకోవడానికి కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

“ఏనుగుదే తప్పు, ఒప్పుకున్నాను. మరి ఈ గడిలో ‘లేవు’ అని ఏనుగు రాసిందా?”

పెంచలయ్య ఆ గడిలోని తన చేతిరాత చూసుకున్నాడు.

“రేపు మా పిల్లలున్న బస్సుకు ఎవరైనా తగిలిస్తే, తప్పు మీది కాకపోయినా ఆ సంగతి నాకు తెలియాలి. ఏమీ జరగలేదండీ అంటారేమోనని ఇప్పుడు నాకు భయం,” అని కాగితం తిరిగి ఇచ్చేశారు.

సోమవారం ఇంకొకరు బస్సెక్కారు. ఉద్యోగం ఎందుకు రాలేదని భార్య అడిగితే పెంచలయ్య ఏనుగు వల్ల అన్నాడు. ఆవిడ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక ఒక విత్తనాల కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. ఈసారి అంతా రాశాడు. గడి చాలక కాగితం వెనక్కి తిప్పి రాశాడు. మేనేజరు దాన్ని ఆఫీసంతటికీ చదివి వినిపించాడు. అందరూ కడుపారా నవ్వుకున్నాక, “ఏనుగు వస్తుంటే మీరేం చేశారు?” అని అడిగాడు.

“టీ గ్లాసు పట్టుకుని పక్కకు జరిగానండీ.”

ఇంతకన్నా చెయ్యగలిగింది ఇంకేమీ లేదని ఒప్పుకుని, మేనేజరు అతన్ని పనిలోకి తీసుకున్నాడు.

సుభాషిణి కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. చేతిలో కాగితం వైపు చూసుకుంది.

“అతనిది ఏనుగు కాబట్టి నవ్వి తీసుకున్నారు మాస్టారూ. నాది ట్రాక్టరు. పైగా నేను ఆడమనిషిని. ఉన్నదున్నట్టు రాశాక, ఉద్యోగం ఇవ్వకపోతే?”

“ఇవ్వకపోతే ఉద్యోగం ఒక్కటే పోతుందమ్మా,” అన్నారు మాస్టారు.