అసిరమ్మ ఆపిన మిల్లు

చెరకు బళ్లను ఎద్దులు లాగే కాలంలో, ఏటి ఒడ్డున ఒక పంచదార మిల్లు ఉండేదట. ఆ మిల్లులో అసిరమ్మ ఊడ్చేది. ఆమె మొగుడు పోలయ్య మరుగునీటిని తొట్టిలోకి తెచ్చే గొట్టం దగ్గర పనిచేసేవాడు.

ఆ గొట్టం వణికేది. నీళ్లు వాల్వు దాటాయంటే చాలు, లోపల గాలివాన దూరినట్టు హోరెత్తేది.

అసిరమ్మ మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, గొట్టం వణికిపోతంది. మా ఇంటోడు దాని కిందే ఉంటాడు."

"సీజనయ్యాక చూద్దాంలే," అన్నాడు మేనేజరు.

కొన్నాళ్లకు గొట్టాన్ని పట్టుకునుండే ఇనప కొక్కెం ఊడిపడింది. మళ్లీ వెళ్లింది.

"అయ్యా, నేడు కొక్కెం పడింది. రేపు గొట్టమే పడతాది."

"సీజనయ్యాక చూద్దాంలే."

మూడోసారి వెళ్లేలోపే గొట్టం అతుకు దగ్గర పగిలింది. మరిగే నీళ్లూ ఆవిరీ పోలయ్య మీద పడ్డాయి. సాయంత్రానికి ప్రాణం పోయింది. మర్నాడు పొద్దున్నే అతుకేసి మిల్లు తిప్పారు. గొట్టం మళ్లీ వణికింది.

అసిరమ్మ అది చూసింది. ఏడవలేదు. చీపురు విసిరికొట్టి, చెరకును లోపలికి లాక్కెళ్లే పట్టా ఎక్కి కూర్చుంది. జనం కేకలేసి పట్టా ఆపారు. మిల్లు ఆగింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "దిగు. సీజనయ్యాక..."

"ఆ మాట ఇంకోసారన్నావంటే నాలిక కోస్తాను." ఈసారి అయ్యా అనలేదు.

పక్కన ఇంజనీరు తలొంచుకుని నిలబడ్డాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"నువ్వు చదువుకున్నోడివి. దీనికి మందు లేదా?"

"ఉందమ్మా. వాల్వు దాటగానే ఒత్తిడి తగ్గి నీళ్లు ఆవిరైపోతున్నాయి. సన్న గొట్టంలో ఆవిరికి చోటు చాలదు, అందుకే కొట్టుకుంటుంది. వాల్వును తొట్టి పక్కకి జరిపి, ఆ కాస్త దూరానికీ లావు గొట్టం వెయ్యాలి. మిల్లు కొన్నాళ్లు ఆపమని చెప్పాను. వినలేదు."

"చెప్పి ఊరుకున్నావు. మా ఇంటోడు ఉడికిపోయాడు."

ఇంజనీరు టోపీ తీసి, పట్టా ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత కూలీలు కూర్చున్నారు. ఆ తర్వాత బళ్లవాళ్లూ వచ్చి కూర్చున్నారు.

వాల్వు జరిపారు. లావు గొట్టం వేశారు. వణుకు పోయింది. మేనేజరు చీర పంపితే అసిరమ్మ బురదలోకి విసిరేసింది.

"ఇదేదో ఆడు బతికుండగా చెయ్యలేకపోయారా?"

చచ్చేదాకా మిల్లు మనిషి ఎవరు ఎదురైనా అదే అడిగింది. ఆ కోపం చల్లారకుండానే కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ వైపు మిల్లుల్లో గొట్టం వణికిందంటే కూలీలు పని వదిలేసి నేలమీద కూర్చుంటారు. ఏమైందని పైవాళ్లు అడిగితే, "అసిరమ్మ కూకుందండి" అంటారు. బాగుచేసేదాకా లేవరు.