గేటు మీది పేరు

ఒక ఇంట్లో ఒక గాలి ఉండేది. అటక మీది కుండలో కూర్చుని, దూరపు ఊళ్ల మాటలూ పాటలూ మోసుకొచ్చేది, ఇక్కడివి అక్కడికి మోసుకెళ్లేది. గోడలు దానికి అడ్డం కావు. అందుకని గుమ్మం దగ్గర ఒక చిలకను కాపలా పెట్టారు. చిలక ఎవరి మొహమూ చూడదు. రహస్యపు మాట చెప్పినవాళ్లు గాలిని వాడుకోవచ్చు, అంతే.

ఆ ఇంటాయన బండి తోలేవాడు. కూతురంటే ఆయనకు ప్రాణం. గేటు మీద 'చారుమతి' అని రాయించాడు. బండి వెనక చారుమతి, ఎడ్ల మెడపట్టీల మీద చారుమతి, ఆఖరికి నీళ్ల బిందె మీద కూడా చారుమతి. అలాంటి మనిషి చిలకకు ఏ మాట నేర్పి ఉంటాడో వేరే చెప్పాలా?

కాకికి కూడా ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున గేటు మీద వాలి, చదివి, చిలకతో ఆ పేరే అంది. చిలక తలూపింది. కాకి వెనకే దాని చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు వచ్చి, గాలి మీదెక్కి ఊరేగడం మొదలుపెట్టారు.

చారుమతి ఆ గాలి మీదే దూరపు ఊళ్లోని పంతులమ్మ దగ్గర పాట నేర్చుకునేది. ఇప్పుడు గాలి రొప్పుతోంది. పిల్ల నిండుగా పాడినా అటు చేరేవి ముక్కలే.

"ఇలా తెగ్గొట్టుకుంటూ పాడితే ఎలా అమ్మాయ్? శుక్రవారం సాయంత్రం ఒక్క పాట పూర్తిగా వినిపించు. లేకపోతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను" అంది పంతులమ్మ.

ఆ మాట మాత్రం ముక్కలవకుండా చేరింది. చారుమతి ఏడ్చింది.

తండ్రి చిలకకు నేర్పిన మాట మార్చాడు. 'చారుమతి ఒకటి' అని పెట్టాడు. కాకి రెండో ప్రయత్నంలోనే పట్టేసింది. ఎద్దు పేరు పెట్టాడు. రోజూ వీధంతా వినేలా ఆ పేరుతో దాన్ని అదిలించేది తనే కదా! కూతురు పుట్టినరోజు పెట్టాడు. కిందటేడు ఆ రోజు లడ్డూలు తిన్నది ఈ కాకులే.

"నా కూతురి పేరుకన్నా గట్టి మాట లోకంలో ఏముందే అమ్మా?" అన్నాడు తల్లితో దిగులుగా.

"పిచ్చి నాయనా, ప్రాణమైన మాటను దాచలేవురా. రోజుకు వందసార్లు నోట్లోంచి వచ్చేస్తుంది. మనకెవరికీ ఏమీ కాని మాటలు నాలుగు వెతుకు" అంది నాయనమ్మ.

ముగ్గురూ వంటింట్లో తలుపులు వేసుకుని కూర్చున్నారు. నాయనమ్మ ఒక కూర పేరు చెప్పింది. తండ్రి తానెన్నడూ చూడని జంతువు పేరు చెప్పాడు. చారుమతి ఒక పెద్ద అంకె చెప్పి, దాని పక్కన అర్థంపర్థం లేని కూత ఒకటి చేర్చింది. అన్నీ కలిపి గుసగుసగా అనుకున్నారో లేదో, ముగ్గురికీ నవ్వాగలేదు. నాయనమ్మకు ఎక్కిళ్లొచ్చాయి. చిలక కూడా రెండుసార్లు నవ్వి మూడోసారికి నేర్చుకుంది. ఆ మాట నాకు తెలుసు. మీకు చెప్పను.

శుక్రవారం పొద్దున్నే కాకి వచ్చింది. "చారుమతి!" అంది. చిలక కదల్లేదు. "చారుమతి రెండు! చారుమతి మూడు!" చిలక జామపండు తింటూ కూర్చుంది. చుట్టాలందరూ గోడలెక్కి అరుపు అందుకున్నారు.

తండ్రి సున్నం బకెట్టుతో గేటు దగ్గరికి నడిచాడు, పేరు చెరిపేద్దామని.

"ఉండనీ నాన్నా. ఇప్పుడది తాళం కాదుగా, నా పేరే" అంది చారుమతి.

కాకులు సాయంత్రం దాకా ఆ పేరే అరిచాయి. ఏమిటా అని వీధివాళ్లు ఒక్కొక్కరే గేటు ముందు చేరారు. కొందరు చాపలు కూడా తెచ్చుకున్నారు. అప్పుడు చారుమతి పాడింది. గాలి ఒక్క అక్షరం కూడా జారవిడవకుండా మోసుకెళ్లింది.

పాట అయ్యాక, "నీ చోటు నీదే" అంది పంతులమ్మ. తర్వాత అడిగింది: "అమ్మాయ్, నీ వెనక అంతమంది నీ పేరు పిలుస్తున్నారే, ఎవరు వాళ్లంతా?"

చారుమతి కిటికీలోంచి చూసింది. వీధి చప్పట్లు కొడుతోంది. గేటు మీద కాకి గొంతు ఎండిపోయినా ఇంకా అరుస్తోంది.

"ఇదివరకు చెప్పకుండా లోపలికొచ్చేవాళ్లండీ. ఇప్పుడు బయట నుంచి వింటున్నారు" అంది చారుమతి.

తండ్రి సున్నం బకెట్టు పక్కన పెట్టి, ఎర్రరంగు డబ్బా తెచ్చి, గేటు మీది పేరును ఇంకాస్త పెద్దగా రాయడం మొదలుపెట్టాడు.