జాడీకి ముందు ముద్ద

అనగనగా, వీధి మొదట్లోనే తుమ్ము వచ్చే ఊరొకటి ఉండేదే, చిన్నీ. ఆ ఘాటంతా సీతాయమ్మగారి పచ్చళ్ళ షెడ్డుది. అక్కడ ఆరుగురు ఆడవాళ్ళు ఆవకాయ కలిపేవాళ్ళు. అందరిలోకీ పెద్దది వెంకాయమ్మ.

జాడీలకెత్తే ముందు సీతాయమ్మగారు గరిటెడు పచ్చడి వేడన్నంలో కలిపి, తలా ఓ ముద్ద పెట్టేవారు. "ఎలా ఉందే?" అని అడిగేవారు. వాళ్ళు సరే అన్నాకే జాడీ నిండేది.

ఆ తర్వాత ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు కోడలు హైమవతి వచ్చి కూర్చుంది. మంచి పిల్లే. ఫ్యాన్లు పెట్టించింది. ఆదివారం సెలవిచ్చింది. మధ్యాహ్నం అందరికీ భోజనం క్యారేజీలు తెప్పించింది. అన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించింది. "క్యారేజీ వస్తోందిగా, ఇంకా ముద్దెందుకు?" అని అది మానేసింది.

మొదటి రోజు వెంకాయమ్మ చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. రెండో రోజు షెడ్డులో పరాచికాలు ఆగిపోయాయి. మూడో రోజు తిరగకలపడానికి మూత తీస్తే, సన్నటి నురగ! ఆ ఏటి మామిడికాయంతా షెడ్డులోని నలభై జాడీల్లోనే ఉంది. హైమవతి గబగబా మిగతా మూతలూ తీసి చూసింది.

"ఉప్పు చెమ్మగా వచ్చింది, అమ్మాయిగారూ. కొలత నిండింది గానీ ఉప్పదనం చాల్లేదు," అంది వెంకాయమ్మ.

"ముందే తెలుసా? మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

"కడుపునిండా అన్నం పెడుతున్నానే!"

"అన్నం మా ఇంట్లోనూ ఉందమ్మా. నేను చేరిన రోజున మీ అత్తగారు ముద్ద పెట్టి, 'నీ నాలుక చెప్పిందే మాట' అన్నారు. ఇరవయ్యేళ్ళు అలాగే అడిగారు. కొత్తగా చేరినవాళ్ళకి నేనూ అదే చెప్పాను. ఎవరం రాసుకోలేదు, అంతే."

హైమవతి వెంటనే పొడి ఉప్పు తెప్పించింది. కొంగు బిగించి, వాళ్ళతో పాటే నలభై జాడీలూ తిరగకలిపింది. ఆ తర్వాత వేడన్నం కలిపి మొదటి ముద్ద వెంకాయమ్మ చేతిలో పెట్టింది.

"ఎలా ఉంది, పిన్నీ?"

వెంకాయమ్మ కళ్ళు మూసుకుని నమిలింది.

"కారం మీ కోపమంత ఉంది. ఉప్పు మాత్రం సరిపోయింది. మూతలు పెట్టండే!"

షెడ్డంతా ఒకటే నవ్వు.

"ఈ ముద్ద సంగతి కూడా కాగితం మీద రాయనా?" అంది హైమవతి.

"గోడకేం తెలుసమ్మా రుచి? మీరు అడగండి, చాలు."

ముద్ద నోటికి, మూత జాడీకి,
కథ కంచికి, చిన్ని మంచానికి!