పటికబెల్లం కరిగేదాకా

విరూపాక్షికి మాటలు బాగా వచ్చు. పెన్న ఒడ్డున పిచ్చయ్యస్వామి ఆశ్రమంలో శిష్యులు చాలామందే ఉన్నా, ఎవరైనా పెద్దమనిషి వస్తే అందరూ ముందుకు తోసేది అతన్నే. ఆ సంగతి అతనికీ తెలుసు. కాస్త ఎక్కువగానే తెలుసు.

నత్తితో ఇబ్బందిపడే కుర్రకారును ఆదివారాలు ఒకచోట చేర్చాలన్న ఆలోచన అతనిదే. మంచి ఆలోచన. సిగ్గుపడకుండా మాట్లాడుకుంటారు, ఒకరికొకరు తోడుంటారు. ఆశ్రమం వెనక రేకుల షెడ్డు వాళ్లకిచ్చారు. షెడ్డు నిండాక విరూపాక్షి ఆ సంఘానికి 'వాగ్ఝరి' అని పేరు పెట్టాడు. మాటల సెలయేరు అని అర్థం. బోర్డు రాయించి రోడ్డు మీదికి కనబడేలా కట్టించాడు.

బోర్డు కట్టినప్పటి నుంచీ జనం పలచబడ్డారు. ఒకరికి జ్వరం, ఒకరికి పెళ్లి. అందరికంటే ముందొచ్చే సుభాషిణి కూడా మానేసింది. ఆ అమ్మాయి నలుగురిలో మొదటిసారి నోరు విప్పింది ఆ షెడ్డులోనే. ఆమె రాకపోవడం విరూపాక్షికి నిజంగానే బాధగా ఉంది.

"నిఘంటువంతా తిరగేసి పెట్టిన పేరు సామీ! ఎందుకు రారో అర్థమే కాలేదు" అని గురువు దగ్గర వాపోయాడు.

"వాళ్లనే అడగకపోతివా?"

"అడిగినా సామీ. వాళ్లు నోరు తెరిచేసరికే నాకు తెలిసిపోతుంది కదా. మిగతాది నేనే అందిస్తా. పాపం, కష్టపడతారని."

స్వామి పక్కనున్న డబ్బా మూత తీసి పటికబెల్లం కెలికాడు. చిన్న పలుకులన్నీ పక్కకు నెట్టి, ఉసిరికాయంత గడ్డ ఏరి అతని చేతిలో పెట్టాడు.

"ఆదివారం షెడ్డులో కూర్చున్నాక నోట్లో వేసుకో. కొరకద్దు. కరిగేదాకా పెదవి విప్పద్దు."

"అంతేనా సామీ?"

"అంతే."

ఈ గడ్డకూ సంఘానికీ ఏం సంబంధమో విరూపాక్షికి ఎంత ఆలోచించినా అందలేదు. గురువు మాట కాబట్టి ఆదివారం నోట్లో వేసుకుని కూర్చున్నాడు. బుగ్గ ఉబ్బింది.

వచ్చిన కొద్దిమందిలో ఓబులేసు ఒకడు. "అన్నా, ప... ప..." అని ఆగిపోయాడు. పన్ను నొప్పా అని అడగబోతున్నాడని విరూపాక్షికి తెలిసిపోయింది. అందించబోయి, పెదవులు బిగబట్టుకుని "ఊఁ" అన్నాడు. ఓబులేసు తంటాలుపడి పన్ను దాకా తనే వెళ్లాడు. వెళ్లినందుకు వాడికే ఆశ్చర్యమేసింది.

అంతలో గుమ్మంలో సుభాషిణి కనబడింది. లోపలికి రాలేదు.

"నే... నేనిక..."

మిగతా మాట విరూపాక్షి నాలుక చివరే ఉంది. దాని మీద గడ్డ ఉంది.

"ఊఁ."

"నేనిక రానన్నా. ఆ మాట చెప్పిపోదామని వచ్చినా."

"ఊఁ?"

ఆ అమ్మాయి అతని వైపు వింతగా చూసింది. తర్వాత నిదానంగా, ఆగుతూ, తడబడుతూ చెప్పుకొచ్చింది. "ఆటో ఆయన యాడికి పోవాల పాపా అన్యాడు. వా... వా... అంటానే ఉన్నా. ఆటోలో ఉన్నోళ్లంతా నవ్విరి. సగం దారిలో దిగి ఇంటికి పోతి." ఊపిరి తీసుకుంది. "ఇంట్లో పెట్టిన పేరే చెప్పుకోలేక చస్తాండా. దానికి తోడు ఇదొకటా అన్నా?"

విరూపాక్షికి తల కొట్టేసినట్టయింది.

"నే... నేనైతే ఆశ్రమం అని చెప్పి దిగుతా" అన్నాడు ఓబులేసు. ఆ మాటకు అందరూ నవ్వారు, సుభాషిణి కూడా. నవ్వుతూనే లోపలికొచ్చి కూర్చుంది.

"అయితే ఇంకేం పేరు పెడదాం?" అని ఎవరో అడిగారు. అందరూ విరూపాక్షి వైపు చూశారు. అతని గొంతులోకి మంచి మంచి మాటలు తోసుకొచ్చాయి. గడ్డ ఇంకా కరగలేదు.

"ఊఁ" అని గడ్డంతో వాళ్లవైపే చూపించాడు.

ఇక వాళ్లే మొదలుపెట్టారు. తలా ఒక పేరు అనడం, పలికి చూడటం, ఎవరి నాలుకకో అడ్డం పడితే తీసేయడం. చాలాసేపు జరిగింది. పోట్లాడుకున్నారు కూడా.

చివరికి సుభాషిణి అంది: "ఇందాకటి నుంచి అన్న అంటాండాడు చూడు, అదే పెట్టుకుందాం."

"ఏ... ఏది?"

"ఊఁ."

ఎక్కడా తగలకుండా వచ్చింది. వరసగా ఒక్కొక్కరూ పలికి చూశారు. ఎవరికీ తగల్లేదు.

అప్పటికి గడ్డ కరిగిపోయింది. విరూపాక్షి గమనించలేదు.

మళ్లీ ఆదివారం పొద్దున అతను గురువు దగ్గర కూర్చుని, "అంతా బాగుంది గానీ సామీ, ఊఁ అనేది పేరెట్లయితాది? అది మాటే కాదు. బోర్డు మీద రాస్తే చూసినోళ్లు ఏమనుకుంటారు? నన్నడిగితే..." అని అందుకున్నాడు.

బయట ఆటో ఆగింది. "ఊఁ కాడ దిగేవాళ్లు దిగండి!" అని డ్రైవరు కేకేశాడు. సుభాషిణి దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని ఇంకో కొత్త అమ్మాయి దిగింది.

స్వామి విరూపాక్షి వైపు తిరిగి, "ఊఁ?" అన్నాడు.

విరూపాక్షి పటికబెల్లం డబ్బా వైపు చెయ్యి చాచాడు.