గుమ్మం ముందు నిప్పుకుండ

వాగీశ్ పెంచుతున్న కణాలు మాయమైపోతున్నాయి. అవి నిలిస్తేనే అతని నాలుగేళ్ల పరిశోధన గట్టెక్కేది.

కణం పైపొర అంటే రెండు వరసల కొవ్వు. అందులో ఒక రకం కొవ్వు ఎప్పుడూ లోపలి వరసలోనే ఉండాలి. పొరపాటున పై వరసకు జారిందో, ఒక మోతగాడు పట్టుకొచ్చి మళ్లీ లోపల పెడతాడు. ఆ మోతగాడు ఒక ప్రోటీను. వాగీశ్ వాణ్ణి తీసేశాడు; జారిన కొవ్వు పై వరసలోనే ఉండిపోయింది. విడిగా ఉంచినన్నాళ్లూ కణాలు నిక్షేపంగా బతికాయి. చచ్చిన కణాల్ని మింగి శుభ్రం చేసే కణాలుంటాయి చూడండి, వాటి పక్కన చేర్చాకే వచ్చింది తంటా. మైక్రోస్కోపులో అతను చూస్తుండగానే, బతికి కదులుతున్నవాటిని అవి నెమ్మదిగా, ఎంతో మర్యాదగా మింగేశాయి.

"ఎందుకు మాస్టారూ? అదే కొవ్వు, అదే పొర. ఈ పక్కనుంటే ఏం, ఆ పక్కనుంటే ఏం? ఆ మోతగాడిది పనిలేని పని!"

కొండ మీది ఆ ప్రయోగశాల నడిపే చిదంబరం మాస్టారు, అరుగు మీద కూర్చునే అతని మొహంలోకి చూశారు. "కళ్లు ఎర్రబడ్డాయి. వెళ్లి కాసేపు పడుకోరా" అన్నారు.

మధ్యాహ్నం, తన గదిలో పడుకున్నవాడికి వెదురు చీలుస్తున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. వాగీశ్ గుమ్మంలోకి వచ్చాడు. కొండ కింది పల్లెవాళ్లు వాకిట్లో పాడె కడుతున్నారు.

"ఎవరు పోయారు?"

"ఈ గదిలో కుర్రాడంట, పాపం. పొద్దున్నే పాలు పోయించుకున్నాడు" అంది పాల పోలమ్మ, తలెత్తకుండానే.

"నేనే పోలమ్మా! బతికే ఉన్నాను!"

ఆమె చూసింది. ఆ చూపులో బెదురూ లేదు, ఆశ్చర్యమూ లేదు. గుమ్మం ముందున్న కుండ వైపు చెయ్యి చూపించింది. అందులో నిప్పులు. ఇంట్లో మనిషి పోతేనే ఆ పల్లెలో ఇంటి నిప్పుని బయట పెడతారు.

"నిప్పు బయటికొచ్చేసింది కదా బాబూ" అంది, ఓదారుస్తున్నట్టు.

వెదురు చప్పుడు ఆగలేదు. ఒకాయన కొత్త తాడు పట్టుకుని, కంటితోనే అతని పొడవు కొలుస్తున్నాడు.

"మాస్టారూ!"

మాస్టారు అరుగు మీదే కూర్చుని ఉన్నారు. "నీ కుంపట్లో నిప్పులేరా, నేనే బయట పెట్టాను. అదే నిప్పు, అదే గుమ్మం. ఈ పక్కనుంటే ఏం?"

వాగీశ్ ఒట్టి చేతులతో కుండ ఎత్తాడు. చేతులు చురుక్కుమన్నా లోపలికి తెచ్చేశాడు.

వెనక చప్పుడు టక్కున ఆగిపోయింది.

"రేపు పాలు పొయ్యమంటారా బాబూ?" వాకిట్లోంచి పోలమ్మ మామూలుగా అడిగింది.

వాగీశ్ ఇంకా కుండ దించలేదు.